సుడిదోమ, దాని చుట్టాలు: వరిచేలో చిచ్చు ఎక్కడ మొదలవుతుంది

పైరు ఈనే సమయానికి పచ్చటి చేను మధ్యలో గుండ్రంగా ఒక మచ్చ పడుతుంది. నాలుగు రోజుల్లో అది వెడల్పవుతుంది, వారం తిరిగేసరికి పక్క మడిలోకి పాకుతుంది. ఆ మచ్చలో వరి ఎండుగడ్డిలా మారి, చేత్తో తోస్తే పడిపోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్ ఆయకట్టుల దాకా దీన్ని దోమపోటు అంటారు. చేసేది సుడిదోమ. మనిషిని కుట్టే దోమకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నల్లులు, పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి ఉన్న గుంపుకు చెందిన రసం పీల్చే పురుగు ఇది. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు, గోధుమ రంగు. ఆకుల మీద వెతికితే దొరకదు. దుబ్బును విడదీసి, నీటికి కాస్త పైన కాండం మొదట్లో చూడాలి.

శాస్త్రీయంగా దీని పేరు నీలపర్వత లుగెన్స్. స్వీడన్ కీటక శాస్త్రవేత్త కార్ల్ స్టోల్ 1854లో జావా నమూనాలను చూసి ఈ జాతిని వర్ణించాడు. నీలపర్వత అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, ఏర్పరిచింది మాత్రం ఇంగ్లండ్‌కు చెందిన విలియం డిస్టంట్, 1906లో, శ్రీలంక నమూనా ఆధారంగా. ఈ ప్రజాతిలో పదికి పైగా జాతులున్నాయి. వరి పంటను ఇంతగా దెబ్బ తీసింది వాటిలో ఇదొక్కటే. దీని తోబుట్టువుల్లాంటి నీలపర్వత మ్యూరీ, నీలపర్వత బేకరీ అనే రెండు జాతులు ఆసియాలోనే, చాలాచోట్ల వరి పొలాల పక్కనే ఉంటాయి. కాలువ అంచుల్లో, తడి గట్ల మీద పెరిగే లీర్సియా గడ్డి రసం తాగి బతుకుతాయి. లీర్సియా కూడా వరికి దగ్గరి చుట్టమే. అయినా ఈ రెండు దోమల పేరు ఏ రైతూ విని ఉండడు.

మూడింటి శరీర నిర్మాణం దాదాపు ఒకటే, తిండి తినే పద్ధతీ ఒకటే. మరి ఒకటి ఆసియా ఖండం మొత్తానికి తలనొప్పిగా మారి, మిగతా రెండు గట్టు మీదే ఉండిపోవడానికి కారణం ఏమిటి? జవాబులో కొంత దోమ లోపల ఉంది. ఎక్కువ భాగం మాత్రం పొలంలో ఉంది.

చక్కెర నీళ్ల మీద బతుకు

సుడిదోమ కుటుంబాన్ని డెల్ఫాసిడే అంటారు. గుర్తు పట్టడం తేలిక: వెనక కాలి పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. వరిలోనే కనిపించే పచ్చ దీపపు పురుగుకు ఈ ముల్లు ఉండదు, దాని కాలి పొడవునా చిన్న ముళ్ల వరస ఉంటుంది. భూతద్దం ఉంటే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఈ కుటుంబం పురుగుల్లో చాలా వాటి ఆహారం మొక్క ఆకుల్లో తయారైన చక్కెరను కిందికి మోసే నాళాల్లోని రసం. అందులో చక్కెర దండిగా ఉంటుంది, మాంసకృత్తులు తయారు కావడానికి కావలసిన అమైనో ఆమ్లాలు మాత్రం చాలా తక్కువ. కావలసినంత నత్రజని దొరకాలంటే దోమ అవసరానికి మించి రసం తాగాలి, మిగిలిన చక్కెర నీళ్లను బయటికి వదలాలి. దోమ పట్టిన దుబ్బు అడుగున చేతికి జిగటగా తగిలేది, ఆ తర్వాత నల్లగా మసి బూజు పట్టేది ఈ తేనె బంక మీదే. సూది లాంటి నోటిని దించేటప్పుడు లాలాజలం గడ్డకట్టి నోటి చుట్టూ ఒక తొడుగు ఏర్పడుతుంది. నోరు తీసేసినా ఆ తొడుగు మొక్కలో ఉండిపోయి నాళాలకు అడ్డం పడుతుంది. వందల దోమలు ఒకే దుబ్బును పట్టుకుంటే రసం పోవడం ఒక దెబ్బ, మిగిలిన రసం కిందికి దిగకపోవడం ఇంకో దెబ్బ. వేళ్లు ముందు చస్తాయి, ఆ తర్వాత ఆకులు ఎండుతాయి.

అంత పేద ఆహారంతో ఈ పురుగు ఎలా నెట్టుకొస్తుందన్నది చాలాకాలం శాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న. దోమ శరీరంలోని కొవ్వు కణజాలంలో ఈస్ట్ లాంటి శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. దోమ విసర్జించాల్సిన యూరిక్ ఆమ్లాన్ని అవి మళ్లీ అమైనో ఆమ్లాలుగా మార్చి ఇస్తాయి. దోమ తానుగా తయారు చేసుకోలేని స్టెరాల్‌లకు (కొలెస్ట్రాల్ బాపతు పదార్థాలకు) కావలసిన సరుకూ వాటి నుంచే వస్తుంది. తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకు చేరతాయి. 2014లో సుడిదోమ జన్యు పటం వెలువడినప్పుడు, దోమలో లేని కొన్ని జీవరసాయన మార్గాలను ఈ శిలీంధ్రాలు పూరిస్తున్నట్టు తేలింది.

యూరియా సంగతి ఇక్కడే వస్తుంది. సిఫార్సుకు మించి ఒక బస్తా ఎక్కువ వేస్తే పైరు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది, రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. దోమకు దొరకనిదే అది. తిండి బలపడితే పిల్లలు ఎక్కువ బతుకుతాయి, ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. పైగా దుబ్బులు గుబురుగా కమ్ముకుని, అడుగున నీడ, చెమ్మ నిలుస్తాయి. ఎరువు దుకాణంలో ఎవరూ దీన్ని దోమ మందుతో కలిపి మాట్లాడరు కానీ, చేలో మాత్రం రెండూ ఒకే లెక్క.

రెక్కలున్నవి, లేనివి

ఈ ప్రజాతికి, నిజానికి ఈ కుటుంబంలో చాలా వాటికి, ఒక ప్రత్యేకత ఉంది. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని పొడవు రెక్కలతో, కొన్ని పొట్టి రెక్కలతో పెరుగుతాయి. పొట్టి రెక్కల ఆడది ఎగరలేదు, బదులుగా త్వరగా గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఎక్కువ పెడుతుంది. పొడవు రెక్కలది ఊరు విడిచి పోగలదు. లేత పైరు, తక్కువ రద్దీ ఉంటే పొట్టి రెక్కలవి ఎక్కువ. పైరు ముదిరి, దుబ్బు మీద చోటు చాలకపోతే పొడవు రెక్కలవి తయారవుతాయి. ఈ నిర్ణయం ఎలా జరుగుతుందో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. దోమలో ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు రెండు ఉంటాయి. ఒకటి పనిచేస్తే పొడవు రెక్క, రెండోది మొదటిదాన్ని అడ్డుకుంటే పొట్టి రెక్క. మనిషిలో షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్ బాపతు సంకేత వ్యవస్థే ఇక్కడ పురుగు వలస పోవాలా వద్దా అన్నది తేలుస్తోంది.

ఎగిరేవి ఎంత దూరం పోతాయో 1967 జూలైలో తెలిసింది. జపాన్ తీరానికి దక్షిణంగా దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ సముద్రంలో ఉన్న ఒజికా అనే వాతావరణ పరిశీలన నౌక మీద గుంపులు గుంపులుగా దోమలు వాలాయి. వాటిలో సుడిదోమతో పాటు దాని చుట్టం తెల్లవీపు దోమ కూడా ఉంది. జపాన్ చలికి సుడిదోమ తట్టుకోలేదు, అక్కడి శీతాకాలంలో ఒక్కటీ మిగలదు. అయినా ఏటా వానాకాలంలో మళ్లీ కనిపిస్తుంది. ఉత్తర వియత్నాం ప్రాంతం నుంచి దక్షిణ చైనాకు, అక్కడి నుంచి జూన్, జూలైల్లో వీచే నైరుతి గాలుల మీద జపాన్, కొరియాలకు చేరుతుందని ఆ తర్వాతి పరిశోధనలతో ఖాయమైంది. జపాన్‌కు ఈ బెడద కొత్తదేమీ కాదు. పడమటి జపాన్‌ను కుదిపేసిన 1732 కరవుకు కారణం దోమలేనని ఆ దేశ చరిత్ర చెబుతుంది. అప్పట్లో వాళ్లకు తెలిసిన మందు తిమింగలం నూనె. మడి నీటి మీద నూనె పోసి, పైరును కర్రతో తట్టి దోమలను అందులోకి రాల్చేవారు.

తెలుగు నేల మీద సుడిదోమకు సముద్రాలు దాటే అవసరం లేదు. సార్వా కోతలు పూర్తయ్యేలోపే ఎక్కడో ఒకచోట దాళ్వా నారుమడి పచ్చగా ఉంటుంది. నీళ్లున్న ఆయకట్టులో ఏడాదిలో ఎక్కువ నెలలు వరి నిలబడే ఉంటుంది.

రాత్రికి రాత్రి వచ్చేది కాదు

దోమపోటు ఒక్కసారిగా మీద పడిందనే మాట ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. లెక్క చూస్తే అలా కాదు. ఆడదోమ ఆకు తొడిమలోకి గుడ్లు చొప్పిస్తుంది, బతికినంత కాలంలో రెండు మూడు వందల దాకా. వారం, పది రోజుల్లో పిల్లలు వస్తాయి. ఐదు దశలు దాటి రెండు మూడు వారాల్లో పెద్దవవుతాయి. అంటే గుడ్డు నుంచి గుడ్డుకు సుమారు నెల. నాట్లు పడ్డాక వచ్చి వాలిన కొద్ది దోమల సంతానం మూడో తరానికి వచ్చేసరికి పైరు పొట్ట దశ దాటి ఈనిక మీద ఉంటుంది. కంటికి కనిపించే మచ్చ ఆ మూడో తరానిది. మొదటి రెండు తరాలు దుబ్బుల అడుగున ఎవరూ చూడని చోట పెరిగాయి.

గుడ్లన్నీ బతికితే ఏ చేనూ మిగలదు. చాలా వాటిని ఎవరో తినేస్తున్నారు కాబట్టే వరి సాగు నిలబడింది. సుడిదోమ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. ఆశ్చర్యంగా, దీన్ని ఒప్పుకోవడానికి పరిశోధన సంస్థలకు, ప్రభుత్వాలకు చాలా ఏళ్లు పట్టింది.

వరిమడిలో వేటాడే తోడేలు సాలీడు రోజూ కొన్ని దోమలను పట్టి తింటుంది. నీటి మీద పరుగులు తీసే సన్నటి నీటి నల్లులు, జారిపడిన పిల్లదోమలను వదలవు. కంటికి ఆననంత చిన్న అనాగ్రస్ కందిరీగలు దోమ గుడ్డులోనే తమ గుడ్డు పెడతాయి. వీటన్నిటిలో విచిత్రమైనది సిర్టోరైనస్ అనే పచ్చటి మిరిడ్ నల్లి. మిరిడ్ కుటుంబం మొత్తానికి మొక్కల రసం పీల్చేవని పేరు, ఉద్దానం జీడితోటలను వేధించే టీ దోమ కూడా ఆ కుటుంబానిదే. సిర్టోరైనస్ మాత్రం ఆ నోటిని ఆకు తొడిమలోకి దించి సుడిదోమ గుడ్లను పీల్చేస్తుంది. దోమ ఎక్కడ పెరిగితే అక్కడికి ఎగిరి వస్తుంది.

1960ల చివర నుంచి అధిక దిగుబడి రకాలతో పాటు పురుగుమందుల క్యాలెండర్ కూడా పొలానికి వచ్చింది. పురుగు ఉన్నా లేకపోయినా ఫలానా రోజుకు ఫలానా పిచికారి. 1970ల్లో ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, 1973-74లో కేరళలోని కుట్టనాడ్, ఇలా ఒకదాని వెనక ఒకటి సుడిదోమతో తల్లడిల్లాయి. అంతకు ముందు ఈ ప్రాంతాల్లో అది పేరున్న పురుగే కాదు. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో కీటక శాస్త్రవేత్త పీటర్ కెన్మోర్, మరికొందరు చేసిన పరిశీలనల్లో మందు కొట్టిన మళ్లలోనే దోమ విపరీతంగా పెరిగింది, కొట్టని మళ్లలో అదుపులో ఉంది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. గుడ్లు తొడిమ లోపల ఉంటాయి, మందు వాటిని తాకదు. పైన తిరిగే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. వారం తర్వాత పిల్లలు బయటికి వచ్చేసరికి తినేవాళ్లు లేరు. డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు, మిథైల్ పారాథియాన్ తక్కువ మోతాదులో తగిలినప్పుడు దోమ గుడ్లు ఎక్కువ పెడుతుందని కూడా అదే సంస్థలో భారతీయ శాస్త్రవేత్త చెల్లయ్య, హైన్‌రిక్స్ బృందం చూపించింది. మందు కొట్టాక దోమ పెరగడాన్ని తిరుగుదాడి అనుకోవచ్చు.

దీన్ని గట్టిగా పట్టించుకున్న మొదటి ప్రభుత్వం ఇండోనేసియాది. పురుగుమందుల ధరలో ఎనభై శాతం దాకా ఖజానా నుంచి భరించిన ఆ దేశం 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వుతో వరిలో 57 రకాల మందులను నిషేధించింది. 1989 నాటికి సబ్సిడీ కూడా ఎత్తేసింది. రైతులకు పొలంలోనే పురుగులను గుర్తుపట్టే బడులు పెట్టింది. వరి దిగుబడి పడిపోలేదు. అయితే కథ అక్కడ ముగిసిపోలేదు. చవక మందులు మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి, బడులకు డబ్బు తగ్గింది. 2010-11లో జావాలో సుడిదోమ మళ్లీ విరుచుకుపడింది. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే థాయిలాండ్ మధ్య మైదానాలదీ అదే గతి.

మరో పంట, అదే పాఠం

ఇది వరికే పరిమితమైన విషయం కాదనడానికి హవాయి చెరకు సాక్ష్యం. 1900 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి చెరకు గడలతో పాటు పెర్కిన్సియెల్లా అనే డెల్ఫాసిడ్ దోమ హవాయికి చేరింది. సొంత ఊళ్లో అది ఒక మామూలు పురుగు. కొత్త ద్వీపంలో దాన్ని తినేవాళ్లు లేరు, కొద్ది ఏళ్లలోనే తోటలు కూలిపోయాయి. 1904లో పెర్కిన్స్, కేబెలే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా వెళ్లి దాని గుడ్లను పట్టే కందిరీగలను తెచ్చారు. కొంత మెరుగైంది. పూర్తిగా అదుపులోకి వచ్చింది మాత్రం 1920లో ఫ్రెడరిక్ మ్యూర్ తెచ్చిన టిత్తస్ అనే మిరిడ్ నల్లితో. అది గుడ్లు తప్ప మరేమీ పట్టించుకోని రకం, మన వరిలోని సిర్టోరైనస్‌కు దగ్గరి చుట్టం. లీర్సియా గడ్డి మీద బతికే నీలపర్వత మ్యూరీకి ఆ పేరు ఈ మ్యూర్‌దే.

ఆ మ్యూరీ దోమ ఇప్పుడు చైనాలో వేరే కొలువులో చేరింది. అది వరి మీద బతకదు, సుడిదోమ దాని గడ్డి మీద బతకదు. కానీ రెండింటి గుడ్లనూ ఒకే అనాగ్రస్ కందిరీగ పట్టుకుంటుంది. పొలం గట్ల మీద లీర్సియాను పెంచి, దాని మీద మ్యూరీని ఉండనిస్తే, వరిలో సుడిదోమ రాకముందే కందిరీగల సంతతి అక్కడ సిద్ధంగా ఉంటుంది. గట్టు శుభ్రంగా ఉంటేనే మంచి రైతు అనే అలవాటుకు ఇది ఎదురు నడక. దీనికి తోడు గట్ల మీద నువ్వులు లాంటి పూల మొక్కలు వేస్తే కందిరీగలకు మకరందం దొరికి ఎక్కువ రోజులు బతుకుతాయి. చైనా, వియత్నాం, థాయిలాండ్ పొలాల్లో ఈ పద్ధతి పరీక్షించి 2016లో వెలువరించిన ఫలితాల్లో మందుల వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. వరి గట్ల మీద కంది వేసే అలవాటు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. పప్పు కోసం వేసే ఆ పంటను పురుగుల కోణంలోంచి కూడా చూడొచ్చు.

వరిలో చుట్టాలు ఇంకో రెండు. తెల్లవీపు దోమ సుడిదోమ కంటే ముందు, పిలక దశలోనే వస్తుంది. కొన్నాళ్లుగా దాని భయం పెరిగింది, పీల్చే రసం వల్ల కాదు, మోసుకొచ్చే వైరస్ వల్ల. 2022లో పంజాబ్, హర్యానాల్లో వరి గిడసబారిపోతే అది ఈ దోమ చేరవేసిన వైరస్ పనేనని లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం తేల్చింది. రెండోది చిన్న గోధుమ దోమ. చలిదేశాల్లో శీతాకాలాన్ని నిద్రలో గడిపేస్తుంది, తూర్పు ఆసియాలో వరి చారల వైరస్‌ను మోస్తుంది. దక్షిణాదికి దానితో పెద్ద పని లేదు.

రకాలు, మందులు

తట్టుకునే రకం వేస్తే గొడవ ఉండదన్నది తేలిగ్గా తోచే జవాబు. 1973లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 26 విడుదల చేసింది, అందులో ముడ్గో అనే భారతీయ రకం నుంచి తెచ్చిన నిరోధక జన్యువు ఉంది. రెండు మూడేళ్లలో దాన్నీ తినగల దోమలు వచ్చేశాయి. 1976లో వేరే జన్యువుతో ఐఆర్ 36 తెచ్చారు. ఆ పరుగు ఇంకా సాగుతోంది. కేరళలోని పట్టాంబి రకం పీటీబీ 33, శ్రీలంక రకం రతు హీనాటి ఇప్పటికీ నిరోధక శక్తికి మంచి వనరులు. అడవి వరి నుంచి కూడా జన్యువులు తెచ్చారు, వాటిలో ఒకదాని నిర్మాణాన్ని వూహాన్ పరిశోధకులు 2009లో బయటపెట్టారు.

తెలుగు రాష్ట్రాల్లో పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఈ పనిలో ముందుంది. చైతన్య, కృష్ణవేణి, విజేత (ఎంటీయూ 1001), కాటన్ దొర సన్నాలు (ఎంటీయూ 1010) దోమను కొంత తట్టుకునే రకాలుగా అక్కడి నుంచే వచ్చాయి. చిక్కు ఏమిటంటే బజారులో గిరాకీ ఉన్న సాంబ మసూరికి (బీపీటీ 5204), ఎక్కువ దిగుబడి ఇచ్చే స్వర్ణకు సుడిదోమను తట్టుకునే శక్తి లేదు. సాంబ మసూరి అన్నం కోసం ఇంట్లో ఇచ్చే ఎక్కువ ధరకు, పొలంలో కొట్టే ఒక అదనపు పిచికారికి మధ్య నేరుగా సంబంధం ఉంది.

మందులదీ ఇదే తంతు. 1990ల్లో వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ ఒక దశలో సుడిదోమకు బ్రహ్మాస్త్రం అనిపించుకుంది. 2003 నాటికే థాయిలాండ్‌లో దోమ దానికి లొంగడం మానేసింది, 2005కల్లా చైనా, జపాన్‌లకూ అదే అనుభవం. మందును విరగ్గొట్టే ఒక ఎంజైమును ఆ దోమలు ఎక్కువగా తయారు చేసుకుంటున్నాయి. ఇప్పుడు పైమెట్రోజిన్, డైనోటెఫ్యూరాన్, ట్రైఫ్లూమెజోపైరిమ్ వాడుకలో ఉన్నాయి. ఒకే మందును ఏటా కొడితే వాటి గతీ వేరుగా ఉండదు. ఇక పైరు పై ఆకుల మీద మందు చల్లి, దోమ ఉన్న అడుగు భాగం తడవకుండా వదిలేయడం చాలా చోట్ల జరుగుతూనే ఉంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫార్సుల్లో మందు కన్నా ముందు వచ్చేవి వేరే ఉన్నాయి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి, గాలి, వెలుతురు దుబ్బుల అడుగుకు చేరడానికి. నత్రజనిని ఒకేసారి కాక దఫాలుగా వేయాలి. దోమ కనిపిస్తే మడిలో నీళ్లు తీసేసి ఆరుతడి ఇవ్వాలి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలు ఉంటేనే మందు గురించి ఆలోచించాలి. అదే దుబ్బులో మిరిడ్ నల్లులు, సాలీళ్లు బాగా ఉంటే మరికొన్ని రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టాలి.